మూడు లీటర్ల ఆదర్శమహిళ

మా డాక్టరుగారు మంచివారు. ఈ మాట ముందే చెప్పేస్తే తరువాత నేను ఏమన్నా ఎవరూ అపార్థం చేసుకోరు. మూత్రాశయంలో పుట్టిన గడ్డను ఆయనే తీశారు. అది క్యాన్సరేనని నా ముఖం చూసి చెప్పారు. మళ్ళీ రాకుండా ఏం చెయ్యాలో కూడా వేళ్ళమీద లెక్కపెట్టి మరీ చెప్పారు. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు తాగాలి. రెండు గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్ళిరావాలి, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపుకోకూడదు. అరగంట నడవాలి. మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి. ఇవన్నీ ఎప్పుడు, ఎక్కడ చెయ్యాలో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. ప్రాణం దక్కిన సంబరంలో ఉన్న మనిషికి అలాంటి చిల్లర ప్రశ్నలు తోచవు.

నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. ఇరవై రెండేళ్ళుగా కాలర్లే. మా లైన్లో ముప్ఫైమంది ఆడవాళ్ళం వరసగా కూర్చుంటాం. మొదటి మిషన్ దగ్గర గుడ్డముక్కగా బయలుదేరినది ముప్ఫయ్యో మిషన్ చేరేసరికి చొక్కా అవుతుంది. నేను కాలర్‌ని తిరగేసి, మొనలు పైకి తీసి, పైకుట్టు వేసి పక్కకు తోస్తే, నా తరువాతి మిషన్ మీద ఉన్న పిల్ల దాన్ని చొక్కాకు అతుకుతుంది. ఆ పిల్లను అందరం పిచ్చుక అంటాం. మనిషీ అంతే ఉంటుంది, తిండీ అంతే తింటుంది. ఒక్కో కాలర్‌కి నలభై అయిదు సెకన్లు. మా తలలపైన ఒక బోర్డుంటుంది. లైను సమయానికి నడుస్తుంటే దానిమీది అంకె ఆకుపచ్చగా, వెనకబడితే ఎర్రగా వెలుగుతుంది. ఎవరివల్ల ఎర్రబడిందో ముప్ఫైమందికీ తెలిసిపోతుంది.

మా సూపర్‌వైజర్‌కి మేం పెట్టుకున్న పేరు సెకన్ల సారు. మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని లైను వెంట తిరుగుతుంటాడు. ఆయన దగ్గరే ఒక చెక్కబిళ్ళ ఉంటుంది. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఆ బిళ్ళ చేతిలో ఉండాలి. లైనుకు ఒక్కటే బిళ్ళ. బాత్రూమ్ ప్యాకింగ్ హాలు దాటి, మెట్లు దిగి, గోదాము పక్కన ఉంది. ఎంత పరుగెత్తినా పోనూ రానూ ఏడు నిమిషాలు. ఏడు నిమిషాలంటే తొమ్మిది కాలర్లు. నేను లేచానంటే పిచ్చుక చేతులు ముడుచుకుని కూర్చోవాలి, పిచ్చుక తరువాతి వాళ్ళూ కూర్చోవాలి, బోర్డు ఎర్రబడాలి. బాత్రూమ్‌కి వెళ్ళొద్దని మమ్మల్ని ఎవరూ ఏనాడూ అనలేదు. ఆ మాటకొస్తే మా హాల్లో నీళ్ళ యంత్రం కూడా ఉంది, చల్లనివి, వేడివి రెండూ వస్తాయి. పెట్టిన రోజు ఎంత కొత్తగా ఉందో ఇవాళా అంత కొత్తగానే ఉంది, ఎవరైనా ముట్టుకుంటే కదా!

ఆపరేషనయ్యాక ఏడు నెలలకు పనిలోకి వెళితే ఆరోగ్యగదిలో నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. 'నేను మునుపటిలాగే పని చెయ్యగలను, నాకు ఏ మినహాయింపూ అవసరం లేదు' అని. సంతకం పెట్టకపోతే నా మిషన్‌కి నీళ్ళు వదులుకుని దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పోవాలి. తయారైన చొక్కాలకు వేలాడే దారప్పోగులు కత్తిరించడం ఆ బల్ల దగ్గర పని. చూపు మందగించినవాళ్ళను, చెయ్యి వణికేవాళ్ళను అక్కడ కూర్చోబెడతారు. జీతం ఒక మెట్టు దిగుతుంది, మర్యాద నాలుగు మెట్లు. నేను రెండోసారి చదవకుండానే సంతకం పెట్టాను.

ఇంట్లో మా ఆయన సంగతి వేరు. ఆయన బడిలో గుమాస్తా. అక్కడ గంట కొడితే పిల్లలతోపాటు పెద్దలూ లేస్తారు. బాత్రూమ్‌కి వెళ్ళడానికి ఒకరి అనుమతి కావాలంటే ఆయన బుర్రకెక్కదు. ప్రేమ మాత్రం పుష్కలం. ఎక్కడో వెతికి నాకొక రెండు లీటర్ల సీసా కొనితెచ్చాడు. దానిమీద గీతలు, గీతల పక్కన మాటలు. పది గంటల గీత దగ్గర 'శుభారంభం', పన్నెండు దగ్గర 'సగం గెలిచావు', నాలుగు దగ్గర 'నీకు సాటి లేరు'. సాయంత్రం గుమ్మంలోనే నిలబడి సీసా చూసేవాడు. ఆయన్ని బాధపెట్టడం ఇష్టంలేక ఫ్యాక్టరీ గేటు బయట మొక్కల్లో ఒంపేసి ఖాళీ సీసాతో ఇంటికి వచ్చేదాన్ని. ఆ మొక్కలకు నా అంత ఆరోగ్యసూత్రాలు తెలిసినవాళ్ళు దొరకడం అదృష్టం, ఏపుగా పెరిగాయి.

మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్లో ఆదివారం ఆదివారం పాఠం చెప్పేది.

"నీ ఆరోగ్యం నువ్వే చూసుకోవాలమ్మాయ్. ఎంతసేపూ పని పని అంటే ఎలా? నన్ను చూడు, పొద్దున్నే లేచి గంట నడుస్తాను. మనసుంటే మార్గం అదే దొరుకుతుంది."

"నిజమే వదినా," అనేదాన్ని. వదిన ఇరవై ఏళ్ళుగా ఏ ఉద్యోగమూ చెయ్యకుండా చాలా క్రమశిక్షణగా ఉంటోంది.

ఫ్యాక్టరీ వాళ్ళు కూడా ఊరుకోలేదు. ఆరోగ్య దినమని ఒకటి జరిపారు. అందరి చేతులకూ అడుగులు లెక్కపెట్టే పట్టీలు కట్టి, వారంలో ఎవరు ఎక్కువ నడిస్తే వాళ్ళకు బహుమతి అన్నారు. రోజంతా మిషన్ ముందు కూర్చునే మేం ముప్ఫైమందీ అట్టడుగున నిలిచాం. మా చుట్టూ తిరిగి తిరిగి సెకన్ల సారు మొదటి బహుమతి కొట్టేశాడు. నన్ను వేదిక ఎక్కించి క్యాన్సర్‌ని జయించిన వీరవనిత అని చప్పట్లు కొట్టించారు. బహుమతిగా నీళ్ళ సీసా ఇచ్చారు.

ఇక అసలు సంగతికొస్తాను. ఆసుపత్రిలో నర్సమ్మ నాకు నెలకొకటి చొప్పున నీళ్ళ చార్టులు ఇచ్చింది. రోజుకు ఆరు గళ్ళు, ఏ గంటకు ఎంత తాగానో నింపాలి. మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూసే పరీక్షకు వచ్చినప్పుడల్లా అవి తేవాలి. నేను ఆదివారం మధ్యాహ్నం కూర్చుని నెలకు సరిపడా ఒకేసారి నింపేదాన్ని. ఎనిమిదికి అరలీటరు, పదికి అరలీటరు, పన్నెండుకి అరలీటరు. ఏ గడీ ఖాళీ లేదు, ఏ అంకే గీత దాటలేదు.

అదే నా కొంప ముంచింది. అబద్ధం రాయడం చేతనైనవాళ్ళు మధ్యలో రెండు రోజులు వదిలేస్తారు, ఒకచోట కొట్టేసి తిరిగి రాస్తారు, ఓ మూల కాస్త మరక చేస్తారు. నా చెయ్యి కాలర్లు కుట్టిన చెయ్యి. కాలర్‌కి రెండు మొనలుంటాయి, ఒకటి ఇంకోదానికంటే నూలుపోగంత పెద్దదైనా చొక్కా వెనక్కి వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఎడమా కుడీ ఒక్కలా ఉండేట్టు కుట్టి కుట్టి, అబద్ధం కూడా అలాగే కుట్టాను. మూడు నెలల్లో ఒక్క లోపం లేదు. డాక్టరుగారు ఆ కాగితాలు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటి పేషెంటును చూడలేదమ్మా. దీన్ని మిగతావాళ్ళకి చూపించొచ్చా? మీ పేరు పెట్టను."

అప్పుడు నిజం చెప్పేయాల్సింది. నీళ్ళు తాగమన్న మనిషి ఎదుట నీళ్ళు నమిలాను. ఆయన దాన్ని నా వినయం అనుకున్నారు.

తరువాతి పరీక్షకు వెళ్ళేసరికి నా చార్టు పెద్దదై, అద్దంలో బిగించి, వెయిటింగ్ హాలు గోడమీద ఉంది. పైన 'ఇలా చేస్తే చాలు' అని రాసి ఉంది. ఇల్లు కట్టుకోకపోయినా, కారు కొనకపోయినా, ఒక గోడ మాత్రం సంపాదించుకున్నాను. దానికి వీలైనంత దూరంగా పోయి కూర్చున్నాను.

పక్క కుర్చీలో యాభై దాటిన మనిషి ఒకాయన ఉన్నాడు. మనుషుల ముఖాలకంటే ముందు కాలర్లు చూడటం నాకు అలవాటు. ఆయనది యూనిఫాం చొక్కా, ఉతికి ఉతికి కాలర్ మడతమీద పీచు లేచింది. ఆయన కళ్ళు గోడమీదే ఉన్నాయి.

"ఎవరో గాని గట్టి మనిషమ్మా," అన్నాడు, నాతోనే. "ఒకావిడంట. డాక్టరుగారు చెప్పారు. నాకూ ఇదే జబ్బు. ఆవిడలా చేద్దామని దీన్ని ఫోటో తీసుకెళ్ళి బస్సులో నా సీటు పక్కన అంటించుకున్నాను."

"బస్సు నడుపుతారా?"

"నడిపేవాణ్ణి." ఆయన గోడవైపు వేలు చూపించాడు. "పదింటికి అరలీటరు అని ఉంది కదా, తాగాను. పన్నెండుకి ఇంకో అరలీటరు. పన్నెండుకి నేనెక్కడ ఉంటాను? వంతెన మీద ఉంటాను. వెనక అరవైమంది, ముందు చీమల బారులా బళ్ళు. చివరి స్టాపుకి ఇంకా నలభై నిమిషాలు. నాలుగు రోజులు పళ్ళ బిగువున ఆపుకున్నాను. అయిదో రోజు వంతెన దిగగానే బస్సు ఆపి గోడ పక్కకి పరుగెత్తాను. ఎవరో పిల్లాడు కిటికీలోంచి వీడియో తీశాడు. అరవైమందిని ఎండలో నిలబెట్టి డ్రైవరు ఏం చేస్తున్నాడో చూడండి అని."

"అయ్యో."

"నన్ను బస్సు మీదనుంచి దించేశారు. ఇప్పుడు డిపోలో బస్సులు కడుగుతున్నాను. నీళ్ళకి మాత్రం కొదవలేదు." నవ్వబోయి మానేశాడు. "పోయిన వారం పరీక్షలో మళ్ళీ కనిపించిందమ్మా. వచ్చే వారం ఆపరేషన్. డాక్టరుగారు కోప్పడ్డారు. ఇంకొకరు చేసింది మీరెందుకు చెయ్యలేరు, ఒళ్ళు వంచరెందుకు అన్నారు. ఏం చెప్పను? నిజమే కదా, చేసిన మనిషి ఎదురుగా గోడమీదే ఉంది. నాకే చేతకాలేదు."

ఇన్నాళ్ళూ నా అబద్ధం నా ఒక్కదాని ఒంటికే నష్టమనుకున్నాను. అది అద్దం బిగించుకుని, బస్సెక్కి, ఒక మనిషి చేతిలోంచి స్టీరింగు లాగేసుకుని, పైగా నువ్వు చేతగానివాడివని ఆయనకి నచ్చజెప్పింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

"అన్నయ్యా," అన్నాను. "ఆ చార్టు నాది."

ఆయన చేతులు జోడించబోయాడు.

"ఆగండి. అది అంతా అబద్ధం. నేను ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. పొద్దున్న ఎనిమిదింటికి కూర్చుంటే భోజనం దాకా లేవను. పగలంతా కలిపి ఒక గ్లాసు. అదీ భోజనంతో."

ఆయన నన్ను చూశాడు, గోడను చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే నాకే హాయిగా ఉండేది.

"ఒక్క గ్లాసా?" అన్నాడు చివరికి.

"ఒక్కటే."

"అయితే నేనే నయం. ఆ చార్టు చూడకముందు కూడా నేను రెండు తాగేవాణ్ణి." కుర్చీ నావైపు జరుపుకున్నాడు. "ఒక్క సాయం చెయ్యమ్మా. ఈ మాట లోపలికెళ్ళి ఆయనకి చెప్పు. వచ్చే వారం నన్ను కొయ్యబోయే మనిషి నన్ను సోమరిపోతు అనుకుంటున్నాడు. అది తట్టుకోలేకపోతున్నాను."

నిజం చెబితే డాక్టరుగారు ఊరుకోరు, ఫ్యాక్టరీకి ఉత్తరం రాస్తారు. ఉత్తరం రాస్తే నేను సంతకం పెట్టిన కాగితం చెల్లదు. నా మిషన్ పోతుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రపంచంలో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, అది పోతుంది. ఇంతలో నా పేరు పిలిచారు.

పరీక్ష పూర్తయ్యాక డాక్టరుగారు ముఖమంతా నవ్వుతో తెరను నావైపు తిప్పారు. "శుభ్రంగా ఉందమ్మా. మచ్చ కూడా లేదు. ఇప్పుడు ఏం చేస్తున్నారో అదే చెయ్యండి, చాలు."

అక్కడితో చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వచ్చేయవచ్చు. ఎవరూ అడగరు. తలుపు సందులోంచి ఆ పీచు లేచిన కాలర్ కనిపించింది.

"నేను చేస్తున్నది ఏంటో చెబుతాను, వినండి," అన్నాను. ఆదివారాల సంగతి, మొక్కల సంగతి, చెక్కబిళ్ళ సంగతి, ఏడు నిమిషాల సంగతి అన్నీ చెప్పాను. ఆయన నవ్వు మెల్లగా తగ్గుతూ వచ్చింది. ఆయన బల్లమీద మూతపెట్టిన గ్లాసు నిండుగా ఉంది. బయట యాభైమంది కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఎప్పుడు తాగుతారు?

"మరి శుభ్రంగా ఉందంటే అదృష్టమే. ప్రతిసారీ ఉండదు," అన్నారు. తరువాత కాస్త కోపంగా, "ఫ్యాక్టరీలో పని చేస్తున్నట్టు రెండేళ్ళలో ఒక్కసారి కూడా నాకెందుకు చెప్పలేదు?"

"మీరెప్పుడైనా అడిగారా?"

ఆయన నా ఫైలు తీశారు. మొదటి పేజీలో వయసు, బరువు, రక్తం రకం, మా అమ్మమ్మకి ఏ జబ్బు ఉండేది, అన్నీ ఉన్నాయి. వృత్తి అన్నచోట 'గృహిణి' అని ఉంది. ఎవరు రాశారో, నా ముఖంలో ఏం చూసి రాశారో తెలియదు. రెండేళ్ళుగా ఆయన వైద్యం చేసింది ఇంట్లో కూర్చుని ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి నీళ్ళు తాగే ఒకావిడకి. ఆవిడెవరో గాని ఆరోగ్యంగా ఉండే ఉంటుంది.

డాక్టరుగారు ఆ మాట కొట్టేసి పెన్ను పట్టుకుని ఆగారు. "ఉత్తరం రాస్తాను. రెండు గంటలకోసారి వెళ్ళనివ్వాలని. దానివల్ల మీకేమన్నా ఇబ్బందా?"

"నన్ను మిషన్ మీదనుంచి తీసేస్తారు."

"అయినా రాయమంటారా?"

ఇన్నాళ్ళకు అడిగిన మొదటి సరైన ప్రశ్న అది, దానికి జవాబు చెప్పడానికి మనసు రాలేదు.

"రాయండి," అన్నాను. "ముందు ఆ గోడమీదిది తీయించండి. బయట ఉన్న డ్రైవరుగారు సోమరిపోతు కాదు. ఆయన్ని కూడా ఏం పని చేసేవారో అడగండి."

ఆయన నర్సమ్మను పిలిచి చార్టు దింపించారు. నేను బయటికి వచ్చేసరికి గోడమీద మేకు మాత్రం ఉంది. డ్రైవరన్నయ్య లేచి నిలబడి ఉన్నాడు. ఆయన్ని లోపలికి పిలుస్తున్నారు.

మర్నాడు ఉత్తరం ఇస్తే సెకన్ల సారు రెండుసార్లు చదివాడు. "నీ ఆరోగ్యమే మాకు ముఖ్యం," అన్నాడు. అంత ముఖ్యం కాబట్టి భోజనాల వేళకల్లా నా మిషన్ మీద వేరే ఆమె కూర్చుంది. నా కత్తెర, నా దిండు పట్టుకుని మెట్లు దిగాను. దారాల బల్ల గోదాము పక్కన, బాత్రూమ్‌కి ఎదురుగా ఉంటుంది. ఆ రోజు ఏడ్చాను. క్యాన్సర్ అని చెప్పినప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు నాకేమీ పట్టింపు లేదని కాదు, అప్పుడు నా మిషన్ నాకోసం ఉందనుకున్నాను.

ఏడుపు ఎంతకాలం ఉంటుంది! వారానికల్లా నేను నీళ్ళు తాగే మనిషినయ్యాను. ఏ బిళ్ళా అక్కర్లేదు, ఏ బోర్డూ ఎర్రబడదు. పది అడుగులు వేస్తే బాత్రూమ్. భోజనమయ్యాక గోదాము చుట్టూ నడుస్తాను. వదిన ఫోన్ చేసి, "చూశావా, మనసు పెడితే ఎంత మార్పో!" అంది. నా మనసులో మార్పేమీ లేదు, నా కుర్చీ మారింది. అది ఆమెకు చెప్పి ప్రయోజనం లేదని ఊరుకున్నాను. చొక్కాలు మాత్రం నా ముందుకొస్తూనే ఉన్నాయి. కొత్తామె కుట్టిన కాలర్లలో ఎడమ మొన కాస్త పెద్దదిగా వస్తోంది. చూసి కడుపు మండుతుంది, దారం కత్తిరించి పక్కన పెడతాను.

నిన్న పిచ్చుక చెక్కబిళ్ళ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. బాత్రూమ్‌కి పోయి బయటికొచ్చేటప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

"ఏమైందే?"

"మంటక్కా. మూడు రోజులనుంచి. చుక్క చుక్కే వస్తోంది." ముఖం పాలిపోయి ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. "డాక్టరు దగ్గరికి వెళితే నీళ్ళు బాగా తాగమన్నాడు."

"మహా కనిపెట్టాడు. తాగుతున్నావా?"

ఆమె నా బల్లమీది సీసాను, దాని పక్కన ఖాళీ గ్లాసును, ఎదురుగా ఉన్న బాత్రూమ్ తలుపును వరసగా చూసింది. తరువాత వంగి, ఎవరూ వినకుండా నా చెవిలో అడిగింది.

"అక్కా, నీకు ఉత్తరం రాసిచ్చిన డాక్టరు నాకూ రాసిస్తాడా?"

"దానికి ముందు క్యాన్సర్ రావాలే పిచ్చిదానా," అన్నాను, నవ్వించడానికే.

పిచ్చుక నవ్వలేదు. ఏడు నిమిషాలు దాటిపోతున్నాయని ఒకసారి మెట్లవైపు చూసుకుంది. మళ్ళీ నావైపు తిరిగి, చాలా మామూలుగా అడిగింది.

"చిన్నదైనా సరిపోతుందా అక్కా?"